రెండో రీల్లో సోదెమ్మ

ఒక మనిషి నుదుటి రాతను బ్లేడుతో కోసి, జిగురుతో అతికించి, మార్చి పారేసినవాణ్ణి తిరువూరు మొత్తానికి నేనొక్కణ్ణే. బ్రహ్మగారికి రాయడం వచ్చు గానీ కొయ్యడం రాదు. ఆ సంగతి తెలిసి హైదరాబాదు నుంచి ఒక సినిమా డైరెక్టరు మా థియేటరు కేబిన్ మెట్లెక్కి వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు.

సరే, కాళ్ళ మీద పడలేదు. కాళ్ళ దగ్గర పడ్డాడు. నేను కోసి పడేసిన ఫిల్ము ముక్క నా స్టూలు కింద ఉంటే దానికోసం వంగాడు. వంగినప్పుడు ఆయన తల నా మోకాలికి తగిలింది. పాదాభివందనం అని ఇన్నేళ్ళుగా నేనే చెప్పుకుంటున్నాను.

మీరు ఫోను మీద వేలితో తోస్తే సినిమా ముందుకు పోయే కాలంలో పుట్టారు. మా రోజుల్లో సినిమా రేకు డబ్బాల్లో వచ్చేది. ఒక్కో డబ్బాలో ఒక్కో రీలు. వాటిని వరసగా మిషను మీదికెక్కించడం, తెగితే అతకడం, తెర మీద వెలుగు తగ్గకుండా చూసుకోవడం ఆపరేటరు పని. ఆ పని నేను ముప్పై మూడేళ్ళు చేశాను. ముప్పై మూడేళ్ళలో ఒక్క పొరపాటు లేదు. అంటే, పెద్దది లేదు. ఒకసారి పన్నెండో రీలు అయ్యాక పదకొండోది ఎక్కించాను. చితి మీద కాలిపోయిన మామగారు మరుసటి నిమిషంలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ పేపరు చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినదాన్ని పొరపాటు అనకూడదని నా అభిప్రాయం.

నేను చెప్పబోయేది రీళ్ళ కాలం ఆఖరి రోజుల మాట. అప్పటికి మా థియేటరు బతుకంతా నలుగురి మీద నడిచేది. ఓనరు గారు, నేను, గేటు దగ్గర టికెట్లు చింపే గేట్‌మ్యాను, వరండాలో క్యాంటీన్ నడిపే అమ్మాయి.

గేట్‌మ్యాన్‌కి ముప్పై ఆరేళ్ళు. మంచివాడు. ఇరవై ఏళ్ళుగా గేటు దగ్గరే ఉన్నా ఒక్క సినిమా చివరా చూడని మనిషి. ఎందుకంటే ఆఖరి అయిదు నిమిషాల్లో బయటికొచ్చి తలుపులన్నీ తీసి, సైకిల్ స్టాండు దగ్గర తోపులాట లేకుండా నిలబడాలి. కథ ఎలా తేలిందో బయటికొచ్చే జనం ముఖాలు చూసి తెలుసుకునేవాడు. "ఈసారి హీరోయిన్ దక్కినట్టుంది అన్నా, అందరూ తీరిగ్గా నడుస్తున్నారు" అనేవాడు.

క్యాంటీన్ అమ్మాయికి ముప్పై దాటాయి. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి ఆ పొయ్యి ఆమెదే. ఆమె మిరపకాయ బజ్జీ కోసం రెడ్డిగూడెం నుంచి వచ్చి, పనిలో పనిగా సినిమా చూసిపోయేవాళ్ళుండేవారు. మా గేట్‌మ్యాను పూటకు నాలుగు సార్లు టీ తాగేవాడు. అందరి టీలో పంచదార పడేది, వీడి టీలో అల్లం కూడా పడేది. ఇద్దరిదీ ఒకటే చర్చి. ఇద్దరి ఇళ్ళలోనూ కాదనేవాళ్ళు లేరు. మరి పెళ్ళి ఎందుకు ఆగిందంటారా? ఒక సోదెమ్మ వల్ల.

వీడి తల్లి ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. పాస్టరు గారి ప్రసంగం ఇంటికొచ్చి మళ్ళీ అప్పజెప్పగలదు. అయినా, వీడికి పదహారేళ్ళప్పుడు, ఎ.కొండూరులో వాళ్ళ గుమ్మం ముందు ఒక సోదెమ్మ బుట్ట దించి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఈ ఇంట్లో కోడలు అడుగుపెట్టిన ఏడాదికి కొడుకు మిగలడమ్మా" అని చెప్పి, చాటెడు బియ్యం పోయించుకుని వెళ్ళిపోయింది. దేవుడి మాటలు ఆదివారం వినేది, సోదెమ్మ మాట వారంలో ఏడు రోజులూ వినేది.

"ఒరేయ్, ఆవిడెవరో, నీ పేరు కూడా తెలీదు కదరా" అనేవాణ్ణి.

"పేరు తెలీకుండానే అంత మాట చెప్పిందంటే ఎంత తెలిసి ఉండాలన్నా?" అనేవాడు.

నేను మిషను తుడవడానికి కేబిన్లోకి పోయేవాణ్ణి.

అలాంటి సమయంలో మా థియేటరుకు ఒక సినిమా వచ్చింది. 'వేల ఏళ్ళనాటి విషాద నాటకానికి నేటి రూపం' అని పోస్టరు మీద రాసుకున్నారు. ఓనరు గారు చదివి, "ఏడుస్తారని ముందే చెప్పి టికెట్టు అమ్ముతాడేంటండీ వీడు?" అన్నారు. కొత్త డైరెక్టరు, కొత్త ముఖాలు. ఆ వారం వేరే బొమ్మ దొరక్క వేశాం.

కథ చిన్నది, నాకు తర్వాత తెలిసింది. ఇద్దరు అన్నదమ్ములు. అన్నకు లారీ ఉంది, తమ్ముడు దాని మీద డ్రైవరు. మామిడి తోటలో ఒక సోదెమ్మ అన్న చెయ్యి చూసి, "నీ చేతుల్లోనే నీ తమ్ముడి ప్రాణం పోతుంది" అంటుంది. అన్న భయపడతాడు. తమ్ముణ్ణి లారీ ఎక్కనివ్వడు. వేరు కాపురం పెట్టిస్తాడు. ఎదురుపడితే మాట్లాడడు. వాణ్ణి కాపాడుకుందామనే అదంతా. తమ్ముడికి కారణం తెలియదు. చివరికి ఒక తెల్లవారుజామున, మంచులో, అన్నను నిలదీయడానికి తమ్ముడు రోడ్డుకు అడ్డం వస్తాడు. లారీ నడిపేది అన్న. అంతే.

శుక్రవారం మ్యాట్నీకి గేట్‌మ్యాను తలుపు దగ్గర నిలబడి మొత్తం చూశాడు, ఎప్పటిలాగే ఆఖరి అయిదు నిమిషాలు తప్ప. ఆట అయ్యాక క్యాంటీన్ దగ్గరికి వెళ్ళి, టీ గ్లాసు పట్టుకుని, అందులోకి చూస్తూ చెప్పాడు.

"నువ్వు వినగడప వాళ్ళకి ఒప్పేసుకో."

వినగడప నుంచి ఆ అమ్మాయికి ఒక సంబంధం వచ్చి ఉంది. సోమవారం పొద్దున్నే ఏదో ఒకటి చెప్పాలని వాళ్ళన్నయ్య పట్టుబట్టి కూర్చున్నాడు.

"ఏమైంది నీకు?" అంది.

"తప్పించుకుందామని చూస్తేనే జరుగుతుంది. బొమ్మలో చూశాను. జరగాల్సింది జరిగే తీరుతుంది. నేను పోతే పోయాను, నీ బతుకు ఏమవ్వాలి?"

ఆ సాయంత్రం ఇచ్చిన టీలో మాత్రం అల్లం వెయ్యలేదని తర్వాత వాడే చెప్పాడు.

అదే ఆటకు ఇంకో గొడవ. సినిమా పొడుగు. పల్లెలకు పోయే సాయంత్రం బస్సు దాటిపోతుందని సగం మంది చివరి ఘట్టానికి ముందే లేచిపోయారు. బస్సు వేళ దాటే బొమ్మను బ్లేడుతో పొట్టి చెయ్యడం మా ఊళ్ళ ఆనవాయితీ. పట్నంలో సినిమాకు సెన్సారు ఒక్కసారే. మా దగ్గర ఆర్టీసీ వాళ్ళది రెండో సెన్సారు. ఓనరు గారు పిలిచి, "రెండో రీల్లో మామిడి తోట పాట, తొమ్మిదో రీల్లో ఫైటు తీసెయ్యండి. జనం బస్సెక్కాలి" అన్నారు.

శనివారం పొద్దున నేను కేబిన్లో కూర్చుని లోతుగా ఆలోచించాను. మనిషి నడవడికను నడిపేది విధియా, వాడి మనసా? జోస్యం లేకపోయినా ఆ అన్న ఆ పనులే చేసేవాడా? తేల్చుకోవాలంటే ఒకటే దారి అనుకున్నాను. బ్లేడు తీసి, పాటతో పాటు సోదెమ్మ చెప్పే ఘట్టాన్ని కూడా కావాలనే కోసేశాను. ఈ మాట నేను రోటరీ మీటింగులో ఒకసారి, టీ కొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను.

ఇప్పుడు రిటైరయ్యాను, వయసయింది, నిజం చెప్పేస్తాను. నా కళ్ళజోడు రిపేరుకిచ్చి ఉంది. ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి పాట ఎక్కడ మొదలవుతుందో చూశాను. హీరోయిన్ ఆకుపచ్చ చీర గుర్తు పెట్టుకున్నాను. సోదెమ్మదీ ఆకుపచ్చ చీరే. ఇద్దరూ ఒకే తోటలో నిలబడ్డారు. గోరంత బొమ్మలో, కళ్ళజోడు లేని కంటికి, డెబ్భై ఏళ్ళ సోదెమ్మ హీరోయిన్‌లా కనబడింది. అక్కడి నుంచి కోసేశాను. పైగా చేతికి బజ్జీ నూనె. మనసు, విధి, ఇవేవీ ఆ పొద్దున కేబిన్లోకి రాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక, మ్యాట్నీ గంట కొట్టేసరికి, ఒక వింత జరిగింది. క్యాంటీన్ అమ్మాయి పొయ్యి ఆర్పేసి, టికెట్టు కొనుక్కుని, నేరుగా గేటు దగ్గరికొచ్చింది. తొమ్మిదేళ్ళలో మ్యాట్నీకి క్యాంటీన్ మూసింది అదే మొదటిసారి. ఓనరు గారు ఎవరో పోయారనుకుని కంగారుగా బయటికొచ్చారు.

"నువ్వెందుకు లోపలికి?" అన్నాడు గేట్‌మ్యాను.

"నా పెళ్ళి చెడగొట్టిన బొమ్మేంటో చూద్దామని. టికెట్టు చింపు."

చింపాడు పాపం.

అదే ఆటకు, బాల్కనీలో, బస్సు దిగి వచ్చిన ఒక కుర్రాడు కూర్చున్నాడు. పల్లెటూరి జనం తన సినిమా ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలని చెప్పా పెట్టకుండా వచ్చిన డైరెక్టరు. నాకేం తెలుసు? నేను పైన హాయిగా మిషను తిప్పుతున్నాను.

ఆట అయిపోయింది. జనం బస్సుకు ఉరికారు. కేబిన్ తలుపు ధడాలున తెరుచుకుంది.

"సోదెమ్మ ఏదండీ? నా సోదెమ్మ ఏది?"

ఎవరో తప్పిపోయిన ముసలావిడను వెతుక్కుంటున్నారేమో అనుకుని, "కింద గేటు దగ్గర అడగండి బాబూ" అన్నాను. అప్పుడాయన తానెవరో చెప్పాడు. తర్వాతే ఇందాక చెప్పిన పాదాభివందనం. స్టూలు కింది నుంచి ముక్క లాగి, కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "ఇదిగో! నా సినిమాకు ప్రాణం ఇదండీ! దీన్ని కోశారా?" అన్నాడు. గొంతులో కోపం కన్నా దుఃఖం ఎక్కువ. కన్నతల్లికి జుట్టు కత్తిరించినట్టు బాధపడ్డాడు.

ఇంతలో కింద వరండాలో కేకలు. ఇద్దరం దిగాం. క్యాంటీన్ ముందు వాళ్ళిద్దరూ కొట్లాడుకుంటున్నారు. ఓనరు గారు మధ్యలో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

"ఆ అన్న తప్పేముంది? వాడి రాత అట్లా ఉంది" అంటున్నాడు గేట్‌మ్యాను.

"రాతంట రాత! బంగారం లాంటి తమ్ముణ్ణి పొమ్మన్నది వాడు, వేరు పెట్టింది వాడు, మాట్లాడనిది వాడు, లారీ తోలింది వాడు. అట్లా చెయ్యమని ఎవరైనా చెప్పారా?"

"సోదెమ్మ చెప్పింది గదా!"

"ఏ సోదెమ్మ? ఆఖర్లో బస్టాండులో కనబడిన ముసలమ్మా?"

"ఆఖర్లో ఏంటి? ఆవిడ మొదట్లో గదా, మామిడి తోటలో!"

"మొదట్లో ఎవరూ లేరు. నేను కళ్ళు తెరుచుకునే చూశాను. అన్నయ్యా, నువ్వు చెప్పు, ఆ ముసలమ్మ మొదట్లో ఉందా, ఆఖర్లో ఉందా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ముప్పై మూడేళ్ళూ నేను తెర మీద వెలుగు చూశాను గానీ కథ చూడలేదు. డైరెక్టరు ముందుకొచ్చాడు.

"రెండు చోట్లా ఉందమ్మా. మొదటిది వీరు కోసేశారు."

"మీరెవరండీ?" అంది ఆమె.

"ఈ సినిమా తీసింది నేనే."

"అయితే కూర్చోండి. మీతో పనుంది" అని సోడా పెట్టె చూపించింది. ఆయన కూర్చున్నాడు. కూర్చోబెట్టే గొంతు అది.

ఆయన చెప్పాడు. పాత నాటకంలో ఆ మాట దేవుడి నోట వస్తుంది. దేవుడు చెప్పాక ఇక తప్పదు. ఈ రోజుల్లో తీస్తూ దేవుణ్ణి పక్కన పెట్టి సోదెమ్మను పెట్టుకున్నాడు. ఆవిడకు నిజంగా ముందు సంగతులు తెలుసా, లేక వాడు నమ్మి, భయపడి, తన చేతులారా ఆ మాటను నిజం చేసుకున్నాడా? చూసేవాళ్ళు తేల్చుకోవాలని ఆయన ఉద్దేశం.

"ఆవిడ లేకుండానే చూశాను, నాకు తేలిపోయింది" అంది అమ్మాయి.

"మీకు వాడి మీద జాలి కలగాలమ్మా!"

"జాలా? దొరికితే అట్లకాడతో వాయించేదాన్ని."

డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఓనరు గారు మాత్రం, "ఒక్క ముక్క కోస్తే కథ ఇంత మారుతుందాండీ?" అని నన్ను మొదటిసారి గౌరవంగా చూశారు.

గేట్‌మ్యాను మెల్లిగా అడిగాడు. "సార్, ఆఖర్లో ఆవిడ బస్టాండుకి ఎందుకొచ్చింది?"

"మీరు చూడలేదా?"

"నేను తలుపులు తియ్యాలండి."

డైరెక్టరు వాణ్ణి కాసేపు వింతగా చూసి చెప్పాడు. ఆఖరి దృశ్యంలో, తమ్ముడి శవం తీసుకెళ్ళిపోయాక, ఆ సోదెమ్మ బస్టాండులో వేరే ఇద్దరు అన్నదమ్ముల ముందు కూర్చుని ఉంటుంది. పెద్దవాడి చెయ్యి పట్టుకుని అదే మాట, అదే రాగంతో చెబుతుంది. బియ్యం పోయించుకుంటుంది. బుట్ట ఎత్తుకుని తర్వాతి వాళ్ళ దగ్గరికి పోతుంది. సినిమా అయిపోతుంది.

"అందరికీ అదే మాటా?" అన్నాడు గేట్‌మ్యాను.

"అందరికీ అదే."

వాడు వెళ్ళి గేటు పక్క బల్ల మీద కూర్చున్నాడు. అమ్మాయి కదల్లేదు. పొయ్యి వెలిగించలేదు. ఆమెకు సోమవారం పొద్దుటి దాకానే గడువు. అది ఆమె ముఖంలో తెలుస్తోంది.

బల్ల మీది నుంచే వాడన్నాడు, "అది సినిమా సార్. మీరు రాసుకున్నారు, ఆవిడ చేత అట్లా చెప్పించారు. మా అమ్మకి చెప్పినావిడ మీ సోదెమ్మ కాదు గదా."

నిజమే కదా! సినిమాలో ఎవరికి ఏం జరిగితే వీడికేం? వాడు లేచి సైకిలు వైపు నడుస్తున్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే వినగడప సంబంధం ఖాయమైపోతుంది. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒరేయ్, మా అమ్మకీ చెప్పింది."

వాడు ఆగాడు. "ఏం చెప్పింది?"

"అదే మాట. కోడలు అడుగుపెట్టిన ఏడాదికి కొడుకు మిగలడని. బుట్ట దించి, చెయ్యి పట్టుకుని, చాటెడు బియ్యం కూడా పోయించుకుంది."

"అక్షరం పొల్లు పోకుండానా?"

"పొల్లు పోకుండా."

"వదినగారు వచ్చి ఎన్నేళ్ళన్నా?"

"ఇరవై రెండు. నేను పోయానేంట్రా? రోజూ నీ ఎదురుగా బజ్జీలు తినట్లేదూ?"

వాడు నా ముఖంలోకి చూశాడు. అంతసేపు ఎవరూ నన్నట్లా చూడలేదు, పెళ్ళిచూపుల్లో మా ఆవిడ తప్ప. తర్వాత వాడి పెదవి ఒక పక్కకు పోయింది. నవ్వు. ఎక్కడో కడుపులో నుంచి వచ్చింది. తల ఊపి, క్యాంటీన్ వైపు తిరిగి, "టీ పెడతావా?" అన్నాడు.

"ఏం టీ?" అంది ఆమె.

"ఎప్పుడూ పెట్టేదే."

ఆమె పొయ్యి వెలిగించింది. దానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి. డైరెక్టరు గారికీ ఒక గ్లాసిచ్చింది, పక్కన నాలుగు బజ్జీలతో. ఆయన తింటూ, "మీ అమ్మగారి సంగతి నాకు ముందే తెలిస్తే సినిమాలో పెట్టేవాణ్ణండీ" అన్నాడు నాతో. ఆ పూటే ముక్క మళ్ళీ అతికించాను. ఈసారి ఆయన కళ్ళజోడు పెట్టుకుని.

వాడు అదే సాయంత్రం ఎ.కొండూరు వెళ్ళి తల్లిని ఒప్పించాడు. ఎలా ఒప్పించావురా అంటే చెప్పలేదు. తర్వాతి ఆదివారం పాస్టరు గారు వాళ్ళ పెళ్ళి ప్రకటన చదివారు. మా ఊరి చర్చిల్లో మూడు ఆదివారాలు అలా చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. మూడు ఆదివారాలూ నేను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో వాళ్ళమ్మ కూర్చుంది. ఆవిడ లేస్తుందేమోనని మూడుసార్లూ నాకు ముచ్చెమటలు పట్టాయి. లేవలేదు.

పెళ్ళయింది. ఇక అసలు కష్టం నాది.

జోస్యాలూ గీస్యాలూ నేను లెక్కచెయ్యనని చెప్పుకునేవాణ్ణి. ఆ ఏడాది మాత్రం నా అంత పిరికివాడు కృష్ణా జిల్లాలో లేడు. మా అమ్మ పేరు చెప్పి అబద్ధమాడాను కదా, వీడికేమైనా అయితే? వాడు దగ్గితే నాకు నిద్ర పట్టేది కాదు. పోస్టరు కట్టడానికి నిచ్చెన ఎక్కబోతే, ఆపరేటరు హోదాలో ఉన్న నేను, వాణ్ణి దింపి నేనెక్కాను. వాడు ఇంటికి పోయేటప్పుడు రోడ్డు మీద లారీలు వస్తున్నాయేమోనని కేబిన్ కిటికీలోంచి తొంగి చూసేవాణ్ణి. ఒకరోజు అట్లా చూస్తూ రీలు మార్చడం మర్చిపోతే జనం కుర్చీలు విరగ్గొట్టారు. వాడు మాత్రం హాయిగా ఉన్నాడు. రెండు కిలోలు పెరిగాడు.

ఏడాది నిండిన రోజు వాళ్ళింట్లో భోజనానికి పిలిచారు. వాళ్ళమ్మ స్వయంగా వడ్డించింది. కోడలి పక్కనే కూర్చుని, "నా కోడలు వచ్చిన వేళావిశేషం, వీడికి ఒక్క జ్వరం రాలేదు" అని ఊరంతా వినేలా అంది. భోజనం సగంలో, ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే, నేను ఇక ఆగలేకపోయాను.

"ఒరేయ్, నీకో మాట చెప్పాలి. మా అమ్మకి ఏ సోదెమ్మా ఏమీ చెప్పలేదు. ఆ రోజు నేను కల్పించాను."

"తెలుసన్నా" అన్నాడు, ముక్క నములుతూ.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చెప్పినప్పుడే. మీ అమ్మగారు నువ్వు పాకే వయసులో పోయారని, మేనత్త పెంచిందని నాకు వందసార్లు చెప్పావు గదా. పాకే పిల్లాడి తల్లికి కోడలి గురించి ఎవరు సోదె చెబుతారు?"

"మరి తల ఎందుకు ఊపావు?"

వాడు కాసేపు కంచంలో వేలితో గీతలు గీశాడు. "ఇరవై ఏళ్ళు ఒకావిడ చెప్పింది నమ్మాను. అది నిజమో కాదో నాకు తెలీదు, భయపడి నమ్మాను. నువ్వు చెప్పేది అబద్ధమని తెలుసు. అయినా దాన్నే పట్టుకుందామనిపించింది. నమ్మేది నేనే గదా అన్నా, ఏది నమ్మాలో నేనే చూసుకుంటాననుకున్నా."

"తిను ముందు, చల్లారిపోతోంది" అంది వాడి భార్య, వాడి కంచంలో ఇంకో గరిటె వేసి.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చికెన్లో కారం ఎక్కువైందమ్మా అన్నాను. కారం సరిగ్గానే ఉంది.